కొస మిగిల్చి రాసేవాళ్ళు

మొన్న టొరంటో పక్కనున్న మా మిల్టన్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. కొత్త టౌన్‌హౌస్, ఇంకా పెయింటు వాసన పోలేదు. వంటింటి గట్టు దగ్గర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ కొందరు పిల్లలు గట్టిగా వాదించుకుంటున్నారు. పిల్లలంటే ముప్ఫై దాటినవాళ్ళే, నా వయసుకి పిల్లలు. జనమే రాసి, జనమే దిద్దుకునే సైటు ఒకటి ఉండేదట, ఇప్పుడు అందులో ఎవరూ రాయడం లేదట, దాన్ని మళ్ళీ బతికించవచ్చా లేదా అని వాళ్ళ చర్చ. ఒకరు యాప్ బాగు చెయ్యాలన్నారు. ఒకరు రాసినవాళ్ళకి బహుమతులివ్వాలన్నారు. ఇంకొకరు అసలు మనుషులెందుకు, మెషీనే రాసేస్తుంది కదా అన్నారు. నేను పక్కనే నిలబడి బొబ్బట్టు తింటున్నాను. నన్నెవరూ అడగలేదు. అడగని సలహాలు ఇవ్వడం రిటైరైన రోజునుంచీ మానుకుందామనుకుంటున్నాను గానీ నావల్ల కావడం లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదివితే చదవండి.

నా ఉద్యోగ జీవితంలో చివరి భాగమంతా అలాంటి సైటులోనే గడిచింది. ఇండియాలో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన నాకు ఈ దేశంలో దొరికిన మొదటి పని ఫోన్లెత్తడం. రెండోది కిచెనర్‌లో ఈ సైటు ఆఫీసు. నా కార్డు మీద పదవి పేరు రెండు లైన్లుండేది. పని మాత్రం ఒక్కటే. సైటులో రాసేవాళ్ళకి జవాబులివ్వడం, గొడవపడినవాళ్ళకి సర్దిచెప్పడం, అలిగి వెళ్ళిపోయినవాళ్ళని బతిమాలి వెనక్కి తేవడం. పెద్ద కుటుంబంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు ట్రైనింగు అక్కర్లేకపోయింది.

చలిదేశంలో బతకడానికి పనికొచ్చే ప్రతి చిన్న సంగతికీ ఆ సైటులో ఒక పేజీ ఉండేది. గడ్డకట్టిన పైపుని ఎలా కరిగించాలి, మంచులో ఇరుక్కున్న కారుని ఎలా కదిలించాలి, పడవెక్కేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలి, జనవరిలో ఇడ్లీ పిండి పులవాలంటే గిన్నె ఎక్కడ పెట్టాలి. ఎవరికి తెలిసింది వాళ్ళు రాసేవాళ్ళు. ఇంకొకరు వచ్చి దిద్దేవాళ్ళు. ఎవరికీ ఒక్క డాలరు ముట్టేది కాదు. అయినా రాసేవాళ్ళు, దెబ్బలాడుకుని మరీ రాసేవాళ్ళు.

ఆఫీసులో ఒక గోడ నిండా పెద్ద తెర ఉండేది. దాని మీద కెనడా పటం, నల్లటి రంగులో. దేశంలో ఎక్కడైనా ఎవరైనా ఒక పేజీలో ఒక మాట కలిపినా, దిద్దినా, ఆ ఊరున్న చోట చిన్న దీపం వెలిగి మెల్లిగా ఆరిపోయేది. నేను చేరిన కొత్తలో ఆ తెర ముందు కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. తూర్పు తీరంలో ముందు తెల్లవారుతుంది కదా, అక్కడ మొదలై దీపాలు మెల్లిగా పడమరకి నడిచేవి. ఉత్తరాన, పేరు పలకడం కూడా రాని ఊళ్ళలో, ఒక్కోటి ఉండుండి మెరిసేది. ఆ చలిలో అక్కడెవరో కూర్చుని, తనకి తెలిసిందేదో ఎవరికో చెబుతున్నారు అనుకుంటే నాకు ఒళ్ళు పులకరించేది. కాఫీ చల్లారిపోయేది.

పొద్దున్నే మిల్టన్‌లో జనమంతా టొరంటో రైలు కోసం స్టేషన్ వైపు పోతుంటే, నేనొక్కదాన్నే వాళ్ళకి ఎదురుగా కారు తోలుకుంటూ కిచెనర్ వెళ్ళేదాన్ని. దారిలో పొలాల మీద పొగమంచు. ఎక్కడ నేల అయిపోతుందో ఎక్కడ ఆకాశం మొదలవుతుందో తెలిసేది కాదు. ఆఫీసుకి చేరినా ఆ మత్తు దిగేది కాదు. ఇప్పటికీ ఆ ఉద్యోగం గుర్తొస్తే, నిజంగా చేశానా, ఆ దారిలో నిద్రపోయి కల కన్నానా అనిపిస్తుంది.

మా డైరెక్టరు కిచెనర్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఆరడుగుల పైన పొడుగు, అంతకుముందు స్కూల్లో ఫిజిక్సు చెప్పేవాడు. ఎప్పుడూ చేతిలో పచ్చి క్యారెట్ ఒకటి ఉండేది. దిగులొస్తే తినడం ఆపేసి దాన్ని ఊరికే పట్టుకుని తిరిగేవాడు. మాతో ఒక ఇంజనీరమ్మాయి ఉండేది, కరీంనగర్ వైపు పిల్ల. మీటింగులో నన్ను పేరు పెట్టి పిలిచేది, కాఫీ గదిలోకి రాగానే ఆంటీ అనేది. రెండింటి మధ్య ఒక్క తలుపే అడ్డం. నాకది భలే సరదాగా ఉండేది. ఇంకా కొందరుండేవారు గానీ ఈ కథకి మేం ముగ్గురం చాలు.

తర్వాత ఏమైందో మీకు తెలిసిందే. నెట్‌లో ఏం వెతికినా, ఏ సైటూ తెరవకుండానే జవాబు పైనే దొరికిపోవడం మొదలైంది. మా పేజీల దాకా వచ్చే అవసరం ఎవరికీ లేకపోయింది. చదివేవాళ్ళు తగ్గారు, వాళ్ళ వెనకే రాసేవాళ్ళూ తగ్గారు. తెర మీద దీపాలు పలచబడ్డాయి. ఈలోగా కంపెనీ చేతులు మారింది. టొరంటోలో ఉండే కొత్త యజమానులు మర్యాదగానే కబురు పంపారు. వచ్చే వేసవిలోగా రాసేవాళ్ళు మళ్ళీ పెరిగితే సరి, లేదంటే సైటు ఆపేస్తాం, పేజీలన్నీ తీసేస్తాం అన్నారు. మా ఉద్యోగాల సంగతి వాళ్ళు చెప్పలేదు, చెప్పనవసరం లేదు కూడా. కానీ నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు ఉద్యోగం గురించి బెంగ కలగలేదు. అంతమంది కూర్చుని రాసిందంతా ఒక్క మీట నొక్కితే పోతుందే అన్నదే నా బెంగంతా.

బతికించాలి. ఎలా? డైరెక్టరు క్యారెట్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగి ఒక మాట చెప్పాడు. మన సైటులో సగం పేజీలు అసంపూర్తిగా ఉన్నాయి, చూడటానికి వచ్చినవాళ్ళకి సగం కట్టిన ఇల్లు చూపిస్తే ఉంటారా అన్నాడు. అది నిజమే. బాగా రాసిన పేజీల్లో కూడా చివర ఏదో ఒకటి మిగిలిపోయేది. పైపు కరిగించడం అంతా చెప్పి, మళ్ళీ గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో చెప్పేవారు కాదు. ఊరగాయ కలపడం అంతా రాసి, ఎన్నాళ్ళు ఊరాలో రాసేవారు కాదు. ఇన్నేళ్ళూ మేం దాన్ని బద్ధకం అనుకున్నాం, మతిమరుపు అనుకున్నాం. ఊరికే రాసిపెట్టేవాళ్ళని పట్టుకుని పూర్తి చెయ్యండని ఏం అడుగుతాం అని ఊరుకున్నాం.

ఇంజనీరమ్మాయి ఒక మెషీన్ తయారు చేసింది. పేజీలో ఏది మిగిలిందో కనిపెట్టి, అది తనంతట తనే రాసేస్తుంది. మేం చదివి, తప్పుల్లేవని చూసుకుని, పేజీలో పెడతాం. చలికాలమంతా అదే పని. బయట మంచు కురుస్తుండేది. కిటికీ అద్దాల మీద వెలుతురు నీలంగా ఉండేది. మేం మాట్లాడుకోకుండా ఒక్కో పేజీ నింపుకుంటూ పోయేవాళ్ళం. ఆ పనిలో ఎంత హాయి ఉందో చెప్పలేను. చిందరవందరగా ఉన్న అల్మరా సర్దుతుంటే చేతులకి తెలియని సుఖం ఒకటుంటుంది చూడండి, అలాంటిది. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు డైరెక్టరు తలుపు దగ్గర నిలబడి ఈ రోజు బాగా జరిగింది అనేవాడు. మేమూ అవునని తలూపేవాళ్ళం.

ఫిబ్రవరి వచ్చేసరికి సైటు అద్దంలా మెరుస్తోంది. చదివేవాళ్ళు కాస్త పెరిగారు కూడా. కానీ గోడ మీద దీపాలు మునుపటికంటే తగ్గిపోయాయి. మధ్యాహ్నం పూట దేశమంతా చీకటిగా ఉండేది. తెర పాడైందేమోనని ఆ అమ్మాయి వెనక తీగలు తీసి మళ్ళీ పెట్టింది. తెర బాగానే ఉంది. నాకు ఉత్తరాలు రావడం ఆగిపోయింది. ఫిర్యాదులూ ఆగిపోయాయి. పడవ తెడ్డు ఎలా పట్టుకోవాలన్న దాని మీద ఏళ్ళ తరబడి కొట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులుండేవారు, వాళ్ళూ మాట్లాడటం లేదు. అలిగేవాళ్ళే లేకపోతే బతిమాలేదెవర్ని? నా పని నా కళ్ళముందే లేకుండా పోయింది.

మేం ముగ్గురం కూర్చుని ఎంత ఆలోచించినా కారణం తెలియలేదు. చివరికి నేనే అన్నాను, వెళ్ళి ఎవరినైనా అడుగుదాం అని. ఇన్నేళ్ళలో రాసేవాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నేను చూడలేదు. పద్ధతి ప్రకారం ఆఫీసువాళ్ళం వాళ్ళని కలవకూడదు. ఆ పద్ధతి పెట్టిందే డైరెక్టరు కాబట్టి, తనే కిటికీలోంచి బయటికి చూస్తూ నాకేమీ వినిపించలేదు అన్నాడు.

హామిల్టన్‌లో ఒక తెలుగు డాక్టరు గారుండేవారు. మత్తు డాక్టరుగా పెద్దాసుపత్రిలో చేసి రిటైరయ్యారు. మా సైటులో మాత్రం వైద్యం గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆయన రాసిందంతా కూరగాయల మొక్కల గురించి. పాత రచయితల్లో అందరికీ పెద్దదిక్కు. ఆయనా డిసెంబరు నుంచి మానేశారు. ఫోన్ చేస్తే, రండమ్మా, దానికేముంది, భోజనానికే రండి అన్నారు. నేనూ ఇంజనీరమ్మాయీ ఒక శనివారం వెళ్ళాం.

డాక్టరు గారి భార్య వేడివేడిగా పెసరట్లు వేసి పెట్టారు. తిన్నాక డాక్టరు గారు మమ్మల్ని బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళారు. మెట్లు దిగుతుంటేనే కరివేపాకు వాసన. కింద గదంతా మొక్కల కోసం పెట్టిన ఊదా రంగు దీపాల వెలుతురు. ఆ వెలుతురులో కుండీల వరస, కరివేపాకు, మల్లె, మునగ. పైన అడుగు మందాన మంచుంది, ఇక్కడ ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఏ ఊళ్ళో ఉన్నామో, ఏ నెలో నాకు కాసేపు తెలియలేదు. డాక్టరు గారు చిన్న స్టూలు మీద కూర్చుని ఆకులు తుడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు.

"మీ సైటు ఇప్పుడు బ్రహ్మాండంగా ఉందమ్మా. అన్నీ పూర్తిగా ఉన్నాయి. చదివా, చాలా బాగుంది, మూసేశా."

మరి రాయడం ఎందుకు మానేశారండీ అని అడిగాను. జవాబుగా ఆయన కరివేపాకు పేజీ సంగతి చెప్పారు. చాలా ఏళ్ళ కిందట ఆ పేజీ మొదలుపెట్టింది ఆయనే. మట్టి, కుండీ, నీళ్ళు, అన్నీ రాశారు. ఎండాకాలమంతా బయట పెట్టిన మొక్కని మళ్ళీ ఎప్పుడు లోపలికి తేవాలో మాత్రం రాయలేదు. కొన్నాళ్ళకి సడ్‌బరీ నుంచి ఒక ఫ్రెంచి పెద్దావిడ ఆ లైను రాసింది. ఆమె కోడలు తెలుగమ్మాయట, మొక్కలిచ్చిందట, ఈవిడ వాటిని చలికి చంపేసి నేర్చుకుందట. రాత్రి పడుకోబోయేముందు వంటింటి కిటికీ మూసేద్దామనిపించిన మొదటి రోజున కుండీ లోపల పెట్టండి అని రాసింది. ఆమె రాసిన మొదటి మాట అదే. ఆ తర్వాత ఆమె రాసిన పేజీల్లో ఈయన, ఈయన పేజీల్లో ఆమె, ఏళ్ళుగా ఒకరి లైను కింద ఒకరు రాసుకుంటూ వచ్చారు. ఎప్పుడూ కలుసుకోలేదు.

ఆ ఒక్క లైనూ మీరు మర్చిపోవడం మంచిదైంది అంది మా ఇంజనీరమ్మాయి. డాక్టరు గారు నవ్వారు.

"మర్చిపోలేదమ్మా. కావాలనే వదిలా. పాతవాళ్ళం ఎవరం కొస రాయం. ఎవరూ నేర్పలేదు, ఒకళ్ళని చూసి ఒకళ్ళం అలా అలవాటు చేసుకున్నాం. కొత్తగా వచ్చినోళ్ళు మొదటి రోజే పేజీ అంతా రాయమంటే భయపడి పోతారు గదా. ఒక్క లైనైతే రాస్తారు. ఆ లైను వాళ్ళకి అట్టిపెట్టాలి."

ఆయన ఇంకో ఆకు తుడిచి, మెల్లిగా అన్నారు. డిసెంబరులో మెంతికూర గురించి కొత్త పేజీ మొదలుపెట్టి, సగం రాసి పడుకున్నారట. సడ్‌బరీ ఆవిడ చూస్తుంది, మిగతాది రాస్తుంది అనుకున్నారట. పొద్దున లేచి చూస్తే మా మెషీన్ పూర్తి చేసేసింది. తప్పేం లేదమ్మా, నాకంటే బాగానే రాసింది అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపముంటే నాకు తేలిగ్గా ఉండేది, కోపానికి మందు నా దగ్గరుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు నేను నడిపాను. ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి తెల్లటి పొగ, సరస్సు మీంచి ఆవిరి, రెండూ కలిసిపోయి దారంతా మసకగా ఉంది. అమ్మాయి కిటికీలోంచి ఆ పొగనే చూస్తూ కూర్చుంది. తర్వాత అంది.

"చలికాలమంతా కూర్చుని మనం తలుపులన్నీ మూసేసినం ఆంటీ. నా మెషీన్ మంచిగనే పనిచేసింది. అదే ప్రాబ్లమ్."

సోమవారం డైరెక్టరుకి చెప్పాం. ఆయన వింటూ క్యారెట్ బల్ల మీద పెట్టేశాడు. అది నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. యజమానులకి ఆయన పూర్తయిన సైటు చూపిస్తానని మాటిచ్చి ఉన్నాడు. మా శ్రమంతా తీసేస్తే, వాళ్ళొచ్చే రోజుకి మళ్ళీ సగం సగం పేజీలే కనిపిస్తాయి. ఆయన లేచి తెర ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. చీకటి పటం. ఎక్కడో మానిటోబాలో ఒక దీపం వెలిగి ఆరింది. ఇంకోటి వెలుగుతుందేమోనని మేం ముగ్గురం ఎదురుచూశాం. వెలగలేదు. తీసెయ్యండి అన్నాడు.

నింపడానికి చలికాలమంతా పట్టింది, తీసెయ్యడానికి ఒక్క పూట. పాత పేజీలన్నీ అమ్మాయి జాగ్రత్తగా దాచి ఉంచింది, వాటిని వెనక్కి పెట్టింది అంతే. మధ్యాహ్నానికి సైటు మళ్ళీ చిరుగుల బొంతలా తయారైంది. అప్పుడు నా పని మొదలైంది. పాత రచయితలకి ఒక్కొక్కరికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను. సైటుని కాపాడండి అని రాయలేదు. మీరు తెడ్డు గురించి రాసిన పేజీలో గాలి ఎదురైతే ఏం చెయ్యాలో ఇంకా ఎవరూ రాయలేదండీ, అని మాత్రం రాశాను. కాపాడమంటే జనం జాలిపడతారు, రాయరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

మంచు కరగడం మొదలైంది. గ్రాండ్ నది నిండుగా పారుతోంది. దీపాలు ఒక్కోటి రావడం మొదలుపెట్టాయి. సడ్‌బరీలో ఒకటి వెలిగిన రోజు నేను హామిల్టన్‌కి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, కానీ ఆయన అప్పటికే చూసేసి ఉంటారని ఊరుకున్నాను. కొత్తవాళ్ళూ వచ్చారు. ఎవరో ఎడ్మంటన్‌లో ఒక ట్రక్కు డ్రైవరు, చలికి బ్యాటరీ ఎలా కాపాడుకోవాలో ఒక్క లైను రాసి పోయాడు, మర్నాడు ఇంకోటి రాశాడు. తెడ్డు పెద్దమనుషులిద్దరూ మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన ఇంకొకాయన మీద నాకు పెద్ద ఫిర్యాదు రాశాడు. అది చదివి ఆనందం పట్టలేక, కాఫీ గదిలోకి పరిగెత్తి అమ్మాయికి వినిపించాను.

జూన్ చివర టొరంటో నుంచి యజమానుల తరఫున ఒకావిడ వచ్చింది. మంచి మనిషి, నెమ్మదస్తురాలు. డైరెక్టరు ఆ రోజు సూటు వేసుకొచ్చాడు, అది ఆయనకి పొట్టిగా ఉంది. తెర చూపించాడు, కారణం వివరించాడు, పేజీలు కావాలనే ఇలా ఉంచామని చెప్పాడు. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. కాసేపు నేను చూస్తాను అని ఒక కంప్యూటరు ముందు కూర్చుంది.

ఏ పేజీ తెరిచిందో వెనకనుంచి నాకు కనిపించింది. చలికాలమంతా మూసి ఉంచిన సరస్సు ఒడ్డు ఇంటిని వసంతంలో మళ్ళీ ఎలా తెరవాలో చెప్పే పేజీ. నీళ్ళ పంపు దగ్గర ఆగిపోయి ఉంది అది. ఆవిడ చదివి, వెనక్కి వాలి, మా నాన్న అయితే ముందు పంపులో ఒక జగ్గు నీళ్ళు పోసేవాడు అంది, ఎవరితోనో కాకుండా తనలో తను. తర్వాత రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి ఆ లైను రాసేసింది. గోడ మీద కిచెనర్ దగ్గర దీపం వెలిగింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆవిడ భోజనానికి కూడా లేవలేదు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. సాయంత్రం వెళ్ళేటప్పుడు అందరికీ చెయ్యి కలిపి, చాలా రోజుల తర్వాత ఇంత మంచి రోజు గడిపాను అంది. మేం గెలిచామనుకున్నాం. డైరెక్టరు సూటు కోటు తీసి గాల్లోకి విసిరాడు.

తర్వాతి వారం ఆవిడ దగ్గరనుంచి మెయిల్ వచ్చింది. రాసేవాళ్ళు పెరిగారు, నిజమే, కానీ ఈ ఖర్చు మోయడానికి ఆ పెరుగుదల చాలదు. ఆగస్టు చివర సైటు ఆపేస్తున్నాం. మీ పని నాకు ఎంతో నచ్చింది. ఇదీ సారాంశం. అబద్ధం చెప్పిందని అమ్మాయి మండిపడింది. డైరెక్టరు ఒప్పుకోలేదు. ఆవిడ నిజంగానే సంతోషించింది, నిజంగానే మూసేసింది, రెండూ నిజమే అన్నాడు. నాకు ఆ మాట మింగుడు పడటానికి చాలా కాలం పట్టింది. మీకు కూడా ఉద్యోగంలో ఎప్పుడో ఒకసారి ఇది తప్పదు, ముందే తెలిసుంటే మంచిది. ఆయన ఆవిడని ఒక్కటి మాత్రం అడిగి సాధించాడు. రాసిన మాటలు రాసినవాళ్ళవి, కాబట్టి నకలు ఎవరైనా తీసుకోవచ్చని.

ఆఖరి రోజు గురించి చెప్పాలి. పొద్దున నేను తెర ముందు కూర్చునేసరికి తూర్పు తీరమంతా వెలిగిపోతోంది. మధ్యాహ్నానికి దేశమంతా. నేను చేరిన కొత్తలో కూడా అన్ని దీపాలు చూడలేదు. ఒకటి ఆరేలోపు పక్కనే ఇంకోటి. ఉత్తరాన ఎక్కడెక్కడివో చిన్న చిన్న ఊళ్ళన్నీ. నాకు మొదట మనసు ఉప్పొంగింది. అమ్మాయి వచ్చి ఏం రాస్తున్నారో ఒకసారి చూడండి అంది. చూశాను. వాళ్ళు కొసలు రాసేస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఎవరో వస్తారని అట్టిపెట్టిన లైన్లన్నీ, ఇంక ఎవరూ రారని, వాళ్ళకి వాళ్ళే పూర్తి చేసేస్తున్నారు. పైపు మళ్ళీ గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో. ఊరగాయ ఎన్నాళ్ళు ఊరాలో. తెడ్డు పెద్దమనుషులిద్దరూ కలిసి గాలి సంగతి రాశారు, గొడవ లేకుండా. అది చూసి ఏడ్చేశాను. పక్కన ఎవరున్నారని కూడా చూసుకోలేదు. పూర్తిగా నిండిన సైటు ఎలా ఉంటుందో చలికాలంలోనే చూశాను, కానీ ఈసారి నింపుతున్నది మనుషులు, అందుకే ఎక్కువ బాధేసింది.

సాయంత్రం అవుతుండగా ఆ పేజీల మధ్య ఒక కొత్త పేజీ పుట్టింది. గోంగూర, బాల్కనీ కుండీలో పెంచడం. హామిల్టన్ నుంచి. విత్తు నాటడం, ఎండ, ఆకు ఎప్పుడు కొయ్యాలి, అన్నీ ఉన్నాయి. వచ్చే ఏటికి విత్తనం ఎలా నిలబెట్టుకోవాలి అన్న చోట ఆగిపోయింది. నేను ఫోన్ చేశాను.

"డాక్టరు గారూ, రేపు సైటు ఉండదండీ."

"తెలుసమ్మా."

"మరి ఇప్పుడు కొత్త పేజీ మొదలుపెట్టారేంటండీ?"

"అందరూ పూర్తి చేసేస్తుంటే భయమేసింది. ఒక్కటన్నా మిగలాలి గదా."

తర్వాత కాసేపటికి తెర ఆగిపోయింది. గోడ ఉత్త గోడైపోయింది. డైరెక్టరు మళ్ళీ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయాడు. పిల్లలు చాలా ఇష్టపడుతున్నారని విన్నాను. నేను రిటైరయ్యాను. అమ్మాయికి కిచెనర్‌లోనే ఇంకో కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ నకలు తీసుకుని, తన స్నేహితులతో కలిసి ఎక్కడో ఒక పాత కంప్యూటరు మీద సైటుని మళ్ళీ పెట్టింది. జీతం లేదు, పటం లేదు, దీపాలు లేవు. పేజీ తెరుచుకోవడానికి మనం నీళ్ళు తాగి వచ్చేంత సమయం పడుతుంది. ఆంటీ, అప్పుడప్పుడు చూడండి అంటుంది. చూస్తుంటాను. చాలా కాలం అక్కడ ఎవరూ కనిపించలేదు. పూర్తయిన పేజీలు, చదువుకుని వెళ్ళిపోవడమే. ఖాళీ ఊళ్ళో వీధులన్నీ శుభ్రంగా ఊడ్చి ఉన్నట్టుండేది.

ఇలాంటివి మళ్ళీ బతుకుతాయా అంటే నా దగ్గర జవాబు లేదు. బతికిస్తామని మేం చేసిన మంచి పనే దాన్ని ముందు సగం చంపింది. తప్పు తెలుసుకుని సరిదిద్దుకున్నాం, అప్పుడూ చచ్చిపోయింది. కాబట్టి నేను చెప్పేదాన్ని మరీ నమ్మకండి.

ఈ మధ్య, మాపుల్ ఆకులు ఎర్రబడుతున్న రోజుల్లో, డాక్టరు గారు ఫోన్ చేశారు. వయసు మీద పడింది, ఈమధ్య ఆయన గొంతు సన్నగా వినిపిస్తోంది. ఆ రోజు మాత్రం ఖంగుమంటోంది.

"అమ్మా, గోంగూర పేజీలో కొస ఎవరో రాశారు. ఎవరో కొత్తవాళ్ళు, మనకి తెలీదు."

ఏం రాశారండీ అన్నాను.

"మంచు పడేదాకా కాయలు మొక్కకే వదిలెయ్యమని రాశారు. పూర్తిగా తప్పు. గడ్డకట్టే చలి ఒక్క రాత్రి పడితే చాలు, కాయ ముదరకుండానే మొక్క నల్లబడి చచ్చిపోద్ది."

ఆయన నవ్వుతున్నారు. ఫోన్‌లో ఆ నవ్వు ఆగడం లేదు. మెషీన్ అలాంటి తప్పు చెయ్యదు. మంచు పడ్డాక కోసుకుందామని వెళ్ళి, మొక్క చచ్చి ఉండటం చూడబోయే మనిషెవరో రాసిన మాట అది. నాకూ నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి. దిద్దేశారా మరి అని అడిగాను.

"అప్పుడేనా? కొన్నాళ్ళు ఆగుతానమ్మా. ఇంకెవరన్నా వచ్చి దిద్దుతారేమో."